అడవి మంటల పరుగుకు లెక్క ఉంది: మనిషి తగ్గించగలిగేది ఎండుటాకుల బరువొక్కటే

ఉత్తరాఖండ్‌లోని అల్మోడా జిల్లా, బిన్సర్ వన్యప్రాణి అభయారణ్యం. 2024 జూన్ 13న అక్కడి అడవిలో మంటలను ఆర్పేందుకు వెళ్లిన అటవీ సిబ్బందిని ఆ మంటలే చుట్టుముట్టాయి. నలుగురు అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోగా, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. దేశంలో ఏటా వేసవిలో అడవులు తగలబడుతూనే ఉన్నాయి. వాటిని ఆర్పే పనిలో ఎక్కువ భాగం పచ్చి కొమ్మలు, పారలు, ఆకులను ఊదే యంత్రాలు పట్టుకుని నిప్పుకు అతి సమీపంలో నిలబడే మనుషులే చేస్తున్నారు.

అలా నిలబడే వ్యక్తికి మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. మంట ఎంత వేగంగా వస్తుంది? జ్వాల ఎంత ఎత్తుకు లేస్తుంది? దాని ముందు నిలవవచ్చా, తప్పుకోవాలా? ఈ ప్రశ్నలకు అంకెల్లో జవాబు చెప్పే శాస్త్రం అర్ధ శతాబ్దానికి పైగా అభివృద్ధి చెందుతూ వచ్చింది. గాలి, ఎండ, కొండవాలు మనిషి అధీనంలో లేవని, నేలమీద పేరుకున్న ఎండు ఇంధనాన్ని మాత్రం ముందుగానే తగ్గించుకోవచ్చని ఆ శాస్త్రం చెబుతోంది. ఎక్కడ తగ్గించాలి, ఎంత తగ్గించాలి అనే విషయంలోనే పరిశోధన సాధనాలు ఉపయోగపడుతున్నాయి.

మంటను నడిపించే మూడు శక్తులు

అడవి మంట ప్రవర్తనను మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది ఇంధనం. ఎండుటాకులు, గడ్డి, పుల్లలు, పొదలు, పడిపోయిన మానులు అన్నీ దీని కిందికే వస్తాయి. రెండోది వాతావరణం. గాలి వేగం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, చివరిసారి వాన పడి ఎన్ని రోజులైందన్నవి ఇందులో ముఖ్యమైనవి. మూడోది నేల తీరు. వాలు ఎంత, అది ఏ దిక్కుకు తిరిగి ఉంది, లోయ ఎంత ఇరుకు అనేవి ఇందులో చేరతాయి.

వాలు ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. మంట కొండ పైకి ఎగబాకేటప్పుడు జ్వాల ముందున్న ఎండుగడ్డి వైపు వంగి, దాన్ని అంటుకోకముందే వేడెక్కిస్తుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ పైకి వెళ్లే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది క్షేత్రస్థాయిలో స్థూలంగా పాటించే సూత్రం. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న పర్వతారోహకుల బృందం కార్చిచ్చులో చిక్కుకుంది. ఆ ఘటనలో 20 మందికి పైగా మరణించారు. ఎండుగడ్డి నిండిన కొండవాలు మీద మంటతో పోటీపడి మనిషి పరుగెత్తడం ఎంత కష్టమో ఆ దుర్ఘటన దేశానికి తెలియజేసింది.

ఒక దుర్ఘటన, ఒక ప్రయోగశాల, ఒక సమీకరణం

అమెరికాలోని మోంటానా రాష్ట్రం, మాన్ గల్చ్ అనే లోయలో 1949 ఆగస్టులో మంటలను ఆర్పేందుకు పారాచూట్లతో దిగిన బృందం కొండవాలు మీద మంటకు దొరికిపోయింది. 13 మంది మరణించారు. మంట ప్రవర్తనపై శాస్త్రీయ అధ్యయనం అత్యవసరమని ఆ దేశ అటవీ సేవా విభాగం గుర్తించడానికి దారితీసిన ఘటనల్లో ఇది ప్రధానమైనది. అదే రాష్ట్రంలోని మిసోలా నగరంలో 1960లో అడవి మంటల పరిశోధనకు ప్రత్యేక ప్రయోగశాల ప్రారంభమైంది. గాలి వేగాన్ని, తేమను నియంత్రించగలిగే సొరంగాల్లో పైన్ సూదులను, పుల్లలను తగలబెట్టి అక్కడి శాస్త్రవేత్తలు కొలతలు తీశారు.

ఆ ప్రయోగశాలలో పనిచేసిన ఇంజినీరు రిచర్డ్ రోథర్మల్ 1972లో మంట వ్యాప్తి వేగాన్ని లెక్కగట్టే గణిత నమూనాను ప్రచురించారు. నేటికీ అనేక దేశాల్లో వాడుతున్న కంప్యూటర్ సాధనాలకు ఇదే పునాది. దాని సారాంశం ఒక భిన్నంలో ఇమిడి ఉంది. మండుతున్న ఇంధనం నుంచి ముందున్న ఇంధనానికి అందుతున్న వేడి లవం. ఆ ముందున్న ఇంధనం అంటుకునే స్థితికి రావడానికి కావలసిన వేడి హారం. గాలి, వాలు లవాన్ని పెంచుతాయి. ఇంధనంలోని తేమ హారాన్ని పెంచుతుంది. అందువల్లే పొడి గాలి వీచే మధ్యాహ్నం ఉరకలేసిన మంట, తేమ పెరిగే రాత్రివేళ నెమ్మదిస్తుంది.

మాన్ గల్చ్ మృతులకు ఆ రోజు తప్పించుకునే అవకాశం ఎంత ఉందో రోథర్మల్ 1993లో అవే లెక్కలతో పునఃపరిశీలించారు. వాలు, గాలి, గడ్డి కలిసిన చోట మంట వేగం మనిషి పరుగును మించిపోయిందని ఆయన విశ్లేషణ తేల్చింది.

ఇంధనాన్ని కొలిచే పద్ధతి

ఎండిన పదార్థమంతా ఒకేలా మండదు. సన్నని గడ్డిపరక గంటలోనే చుట్టుపక్కల గాలిలోని పొడితనాన్ని అందుకుంటుంది. లావైన దుంగ ఎండడానికి వారాలు పడుతుంది. దీన్ని బట్టి శాస్త్రవేత్తలు ఎండు ఇంధనాన్ని నాలుగు తరగతులుగా విభజించారు. సుమారు 6 మిల్లీమీటర్ల లోపు మందం ఉన్నవాటిని ఒక గంట ఇంధనమని, 6 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు ఉన్నవాటిని 10 గంటల ఇంధనమని పిలుస్తారు. 25 నుంచి 75 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి 100 గంటల ఇంధనం, అంతకన్నా లావైనవి 1,000 గంటల ఇంధనం. తమలోని అదనపు తేమలో దాదాపు మూడింట రెండు వంతులను కోల్పోవడానికి పట్టే కాలమే ఈ గంటలకు ప్రాతిపదిక.

మంట వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఒక గంట ఇంధనమే. ఎండుటాకులు, గడ్డి, పైన్ సూదులు ఈ తరగతివే. నిన్న చిరుజల్లు పడినా నేటి మధ్యాహ్నానికి అడవి తగలబడటానికి కారణం ఇదే. ఇంధనంలో తేమ ఒక స్థాయిని దాటితే మంట వ్యాపించదు. అమెరికాలో 1982లో వివరించిన 13 ప్రామాణిక ఇంధన నమూనాల్లో ఈ హద్దు 12 నుంచి 40 శాతం వరకు ఉంది. గడ్డి రకాన్ని, ఆకుల పొర గట్టితనాన్ని బట్టి అది మారుతుంది. 2005లో ఈ నమూనాలను విస్తరించి మరో 40 నమూనాల వర్గీకరణను తెచ్చారు.

మనిషి నిలవగలిగే హద్దు

మంట ఎంత వేగంగా వస్తుందన్నది తెలిస్తే సరిపోదు. అది ఎంత సెగతో వస్తుందో కూడా తెలియాలి. దీనికి అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బైరమ్ 1959లో సులభమైన సూత్రాన్ని ఇచ్చారు. ఇంధనం విడుదల చేసే వేడి, చదరపు మీటరులో మండే ఇంధనం బరువు, మంట వేగం అనే మూడింటిని గుణిస్తే మంట అంచులోని ప్రతి మీటరు నుంచి వెలువడే శక్తి తెలుస్తుంది. దీన్ని మీటరుకు కిలోవాట్లలో చెబుతారు.

అగ్నిమాపక బృందాలు వాడే ప్రమాణాల ప్రకారం, మీటరుకు సుమారు 350 కిలోవాట్ల లోపు, అంటే జ్వాల పొడవు దాదాపు 1.2 మీటర్ల లోపు ఉన్నప్పుడే చేతి పనిముట్లతో మంటను నేరుగా ఎదుర్కోవచ్చు. అది దాటితే యంత్రాలు, నీటి ట్యాంకర్లు, హెలికాప్టర్లు కావాలి. జ్వాల సుమారు రెండున్నర మీటర్లు దాటితే ఆ సాధనాలతోనూ మంట ముందుభాగాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హెక్టారుకు 5 టన్నుల ఎండు ఇంధనం ఉన్న చదునైన నేల మీద మంట నిమిషానికి 3 మీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. కిలో ఇంధనానికి 18,000 కిలోజౌళ్ల వేడి చొప్పున లెక్కిస్తే దాని తీవ్రత మీటరుకు 450 కిలోవాట్లు, జ్వాల పొడవు సుమారు 1.3 మీటర్లు. చేతి పనిముట్లున్న బృందం ముందుకు వెళ్లకూడని స్థితి అది. ముందే సగం ఆకులను తొలగించి ఉంటే, వేగం మారకపోయినా తీవ్రత 225 కిలోవాట్లకు, జ్వాల పొడవు దాదాపు 0.9 మీటర్లకు తగ్గుతుంది. అదే బృందం ఇప్పుడు మంటను ఆర్పగలదు.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. సగం ఆకులు తీసిన అదే నేల 10 డిగ్రీల వాలుగా ఉంటే మంట వేగం రెట్టింపై, తీవ్రత మళ్లీ 450 కిలోవాట్లకు చేరుతుంది. ఆకులు తీయకపోతే అది 900 కిలోవాట్లు. అంటే చదునైన నేల మీద సరిపోయే శుభ్రత కొండవాలు మీద సరిపోదు. ఎక్కడ ఎంత ఇంధనం తొలగించాలో పటం గీసి నిర్ణయించాలనడానికి కారణం ఇదే.

కాగితం నుంచి కంప్యూటర్‌కు

రోథర్మల్ సమీకరణాన్ని తొలుత పట్టికలు, రేఖాపటాలతో వాడేవారు. 1980లలో బిహేవ్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. ఒక నిర్దిష్ట చోట ఇంధనం, తేమ, గాలి, వాలు వివరాలిస్తే వేగాన్ని, జ్వాల పొడవును అది చెబుతుంది. మిసోలా శాస్త్రవేత్త మార్క్ ఫిన్నీ 1998లో వివరించిన ఫార్‌సైట్ అనే సాధనం మరో అడుగు ముందుకేసింది. మంట అంచులోని ప్రతి బిందువు నుంచి చిన్న దీర్ఘవృత్తంలా మంట వ్యాపిస్తుందని భావించి, అవన్నీ కలిసి గంటగంటకూ ఏ ఆకృతి దాలుస్తాయో పటం మీద చూపుతుంది. ఫ్లామ్‌మ్యాప్ అనే సాధనం ఒకే రకమైన వాతావరణంలో మొత్తం ప్రాంతంలో ఎక్కడ మంట తీవ్రమవుతుందో లెక్కగడుతుంది. ఇంధనాన్ని తగ్గించే పనులకు స్థలాలు ఎంచుకోవడంలో దీన్ని విరివిగా వాడుతున్నారు.

కెనడా మరో దారి ఎంచుకుంది. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, వర్షపాతం అనే నాలుగు కొలతల నుంచి ఆరు సూచికలను రూపొందించింది. వీటిలో మూడు నేలమీది ఆకుల పొర, దాని కింద కుళ్లుతున్న పొర, ఇంకా లోతైన పొర ఎంత ఎండాయో చెబుతాయి. మిగిలినవి మంట వ్యాప్తిని, అందుబాటులో ఉన్న ఇంధనాన్ని, మొత్తం ప్రమాద స్థాయిని సూచిస్తాయి. రోజువారీ వాతావరణ వివరాలతోనే పనిచేయడం వల్ల ఈ పద్ధతి ఇతర దేశాలకూ విస్తరించింది.

భారత్‌లో ఉపగ్రహాల కన్ను

దేహ్రాదూన్ కేంద్రంగా పనిచేసే భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను గుర్తిస్తోంది. తొలుత మోడిస్ పరికరం అందించే సమాచారంపై ఆధారపడింది. ఆ పరికరం ఒక్కో గడి కిలోమీటరు పరిమాణంలో నేలను చూస్తుంది. తరువాత వచ్చిన వీర్స్ పరికరం 375 మీటర్ల గడులతో పనిచేయడంతో చిన్న మంటలూ దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన షాద్‌నగర్ భూకేంద్రం ఉపగ్రహ సమాచారాన్ని అందుకుంటుంది. అలా గుర్తించిన చోట్ల వివరాలు రాష్ట్రాల అటవీ శాఖలకు సంక్షిప్త సందేశాలుగా వెళ్తాయి. వన్ అగ్ని అనే పోర్టల్‌లో వాటిని పటంపై చూడవచ్చు.

సర్వేక్షణ సంస్థ నివేదిక ప్రకారం 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశంలో 2,03,544 చోట్ల మంటల ఆనవాళ్లు నమోదయ్యాయి. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. అయితే ఒకే మంటను ఉపగ్రహం పలుమార్లు, పలు గడుల్లో చూడవచ్చు. కాబట్టి ఈ సంఖ్యను మంటల సంఖ్యగా భావించరాదు. దేశ అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటల బారిన పడే అవకాశం ఉందని 2019 నివేదిక పేర్కొంది.

ఉపగ్రహానికీ పరిమితులున్నాయి. అది రోజుకు కొన్నిసార్లు మాత్రమే ఒక ప్రాంతం మీదుగా వెళ్తుంది. మధ్యాహ్నం ఉపగ్రహం దాటిపోయాక మొదలైన మంట రాత్రి వరకు కనిపించకపోవచ్చు. మబ్బులు, దట్టమైన చెట్ల కొమ్మలు దాన్ని కప్పేయవచ్చు. పైగా మంట ఎక్కడ ఉందో ఉపగ్రహం చెబుతుంది కానీ, అది ఎటు, ఎంత వేగంగా వెళ్తుందో చెప్పదు. అందుకు స్థానిక ఇంధన కొలతలు కావాలి. టేకు ఆకు, సాల ఆకు, వెదురు, లాంటానా పొద, చిర్ పైన్ సూది ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మండుతాయి. అమెరికా వృక్షజాలం కోసం రూపొందించిన నమూనాలను ఇక్కడి అడవులకు యథాతథంగా అన్వయిస్తే లెక్క తప్పుతుంది.

ఇంధనాన్ని తగ్గించే మార్గాలు

ఉత్తరాఖండ్‌లో సుమారు 4 లక్షల హెక్టార్లలో చిర్ పైన్ అడవులున్నాయి. వేసవిలో ఈ చెట్ల సూదులు రాలి నేలంతా పరుచుకుంటాయి. స్థానికులు వాటిని పిరుల్ అంటారు. జిగురు ఉండటంతో అవి తేలిగ్గా అంటుకుంటాయి. మండుతున్న పైన్ కాయలు వాలు కిందికి దొర్లి దిగువన కొత్త మంటలు రాజేస్తాయి. అవి తిరిగి పైకి ఎగబాకి సిబ్బందిని వెనుకనుంచి చుట్టుముట్టే ప్రమాదం ఉంది. 2024 మేలో ఉత్తరాఖండ్ ప్రభుత్వం ప్రజలు సేకరించి తెచ్చే పిరుల్‌కు కిలోకు 50 రూపాయలు చెల్లిస్తామని ప్రకటించింది. సేకరించిన సూదులతో ఇంధన ఇటుకలు తయారుచేయవచ్చు. అయితే చెట్లు ఏటా సూదులు రాల్చుతాయి కనుక ఈ ఏడాది శుభ్రపరచిన వాలు వచ్చే వేసవికి మళ్లీ నిండుతుంది. అందువల్ల ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

రెండో మార్గం ఫైర్ లైన్లు. అడవిని ముక్కలుగా విభజిస్తూ ఆకులు, గడ్డి లేని పట్టీలను చలికాలం చివర్లో సిద్ధం చేస్తారు. మంట ఆ పట్టీ దగ్గర ఆగుతుంది, లేదా సిబ్బందికి నిలబడే చోటు దొరుకుతుంది. నిప్పురవ్వలు గాలిలో ఎగిరి పట్టీని దాటే అవకాశం ఉన్నందున దాని వెడల్పును జ్వాల పొడవు, గాలి వేగాన్ని బట్టి నిర్ణయించాలి.

మూడోది నియంత్రిత దహనం. వేసవి ముదరకముందే, ఆకుల్లో ఇంకా కొంత తేమ ఉన్న రోజుల్లో చిన్న మంటలతో ఇంధనాన్ని తగ్గిస్తారు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు తరతరాలుగా ఇదే చేసేవారు. ఎండుటాకులను తొలి రోజుల్లోనే కాల్చే ఆ పద్ధతిని వారు తరగు బెంకి అంటారు. 1970లలో అక్కడ అభయారణ్యం ఏర్పడిన తరువాత ఆ ఆచారం నిషేధానికి గురైంది. తదనంతరం లాంటానా పొదలు అడవిని ఆక్రమించాయని, చిన్న మంటలు ఆగిపోవడం కూడా అందుకు కారణమని సోలిగలు, కొందరు పరిశోధకులు చెబుతున్నారు. నేలమీది మంటను నిచ్చెనలా చెట్ల కొమ్మలకు ఎక్కించే గుణం లాంటానాకు ఉంది. అందువల్ల పొదలను వేళ్లతో సహా తొలగించడం కూడా ఇంధన నియంత్రణలో భాగమే.

లెక్క తప్పితే మూల్యం

నియంత్రిత దహనం ప్రమాదరహితం కాదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 6న అటవీ సేవా విభాగం చేపట్టిన దహనం అదుపు తప్పింది. పాత దహనం కుప్పల్లో నివురుగప్పి ఉన్న మరో మంటతో అది కలిసి 3.4 లక్షల ఎకరాలకు పైగా కాల్చివేసింది. ఆ రాష్ట్ర చరిత్రలోనే అది అతిపెద్ద కార్చిచ్చుగా నమోదైంది. దీంతో ఆ విభాగం దేశవ్యాప్తంగా నియంత్రిత దహనాలను 90 రోజులపాటు నిలిపివేసి సమీక్ష జరిపింది. దీర్ఘకాలిక కరవులో ఎండిన అడవి అంచనాలకు మించి మండటానికి సిద్ధంగా ఉందన్నది ఆ సమీక్ష ఇచ్చిన ముఖ్యమైన పాఠం.

గణిత నమూనాలకు కూడా హద్దులున్నాయి. రోథర్మల్ సమీకరణం నేలమీద నిలకడగా పాకే మంటకు సంబంధించినది. కొమ్మలకెక్కిన మంటకు, ఎగిరిపడే నిప్పురవ్వలకు, మంట తానే సృష్టించుకునే సుడిగాలికి అది ఒక్కటే సరిపోదు. అందువల్ల అనుభవజ్ఞులు దాని ఫలితాన్ని తుది తీర్పుగా చూడరు. క్షేత్రంలో కనిపిస్తున్నదానితో సరిపోల్చుకునే అంచనాగానే పరిగణిస్తారు.

తెలుగు రాష్ట్రాలకు వర్తించేది

నల్లమల, శేషాచలం, అమ్రాబాద్ అడవుల్లో అధిక భాగం ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి నుంచి మే వరకు నేలంతా ఎండుటాకులతో, వాటి మధ్య ఎండుగడ్డితో నిండి ఉంటుంది. ఇవన్నీ ఒక గంట ఇంధనం తరగతికి చెందినవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు చిగుళ్ల కోసం, పశువుల మేత కోసం నిప్పు పెట్టడం, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్కలు మంటలకు సాధారణ కారణాలు. 2014 మార్చిలో తిరుమల సమీపంలోని శేషాచలం అడవుల్లో చెలరేగిన మంటలను అదుపు చేసేందుకు వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది.

ఇక్కడి పరిష్కారం కూడా ప్రజల భాగస్వామ్యంతోనే సాధ్యం. నల్లమలలో చెంచులు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో రక్షణ సిబ్బందిగా పనిచేస్తున్నారు. ఏ వాలు మీద ఏ నెలలో గడ్డి ఎండుతుందో, మధ్యాహ్నం గాలి ఎటు మళ్లుతుందో వారికి తెలుసు. ఆ అనుభవాన్ని ఇంధన కొలతలతో, ఉపగ్రహ పటాలతో కలిపితే, ముందుగా శుభ్రపరచాల్సిన వాలుల జాబితా ప్రతి రేంజిలోనూ తయారు చేసుకోవచ్చు. ఇప్పచెట్ల కింద ఆకులను కాల్చకుండా ఊడ్చే అలవాటును, చెట్ల కింద వలలు కట్టే పద్ధతిని ప్రోత్సహిస్తే నిప్పు పెట్టాల్సిన అవసరమే తగ్గుతుంది.

దేశంలోని అత్యధిక ప్రాంతాల్లో మంటల కాలం ఫిబ్రవరిలో మొదలై, జూన్‌లో రుతుపవనాలు వచ్చేవరకు సాగుతుంది. ఫైర్ లైన్లు గీయడం, ఆకులు తొలగించడం, పొదలు పెరకడం అంతకుముందే పూర్తి కావాలి. ఏప్రిల్‌లో వచ్చే ఉపగ్రహ సందేశం మంట ఎక్కడ ఉందో చెబుతుంది. అక్కడికి వెళ్లిన మనిషి దాని ముందు నిలవగలడా లేదా అన్నది మాత్రం జనవరిలో ఆ వాలు మీద మిగిల్చిన ఎండుటాకుల బరువును బట్టే చాలావరకు తేలిపోతుంది.